గిన్నె మోగని ఇల్లు

మొన్న కర్నూల్లో మా వంటింటి గట్టుకు కడప బండ కోయించాను. మిషన్ కింద నీళ్లు పడి నల్లటి బండ తడిసేసరికి, బడిపిల్లల పలక వాసన లాంటి ఆ తడి దుమ్ము వాసన నన్ను బేతంచెర్లలోని మా పాతింటి గడప దగ్గరికి తీసుకుపోయింది. మా నాయన రోజూ ఆ వాసనతోనే ఇంటికొచ్చేవాడు.

నాయనది బండల ఫ్యాక్టరీలో పని. పొద్దస్తమానం కోత మిషన్ల పక్కన నిలబడి, సాయంత్రం కనుబొమల మీద కూడా దుమ్ముతో వచ్చి, తొట్టి దగ్గర స్నానం చేసి, మేం పచ్చి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అచ్చనగాయలు ఆడుకునే అరుగు మీదికి రాకుండా, పెరట్లో వేపచెట్టు కింద ఒంటరిగా కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడికే పట్టుకుపోయేవాడు. పిలిస్తే ఒక్కోసారి పలికేవాడు కాదు. ఫ్యాక్టరీకి పోయే మగవాళ్లకు చెవుడు రావడం మా వీధిలో మామూలే గనుక, నాయనకూ వచ్చిందని తీర్మానించుకున్నాం. ఇక చెప్పేదేముంది, ఇంట్లో ప్రతి మాటా కేకే. అందులోనూ మా జేజి, నాయన తల్లి, గొంతెత్తిందంటే బస్టాండులో కదలబోయే బస్సు ఆగాల్సిందే. ఆమె కొడుకు చెవి దగ్గరికి వంగి మరీ "అన్నం తింటివా నాయనా!" అని అరిచేది. ఆయన ముఖం చిట్లించి లేచిపోయేవాడు. కన్నతల్లి మీదే విసుగు పుట్టిందని జేజి కొంగుతో కళ్లు తుడుచుకునేది.

ఆ ఏడు ఉగాదికి, పెరడంతా వేపపూత రాలి, ఇల్లంతా ఓళిగలు కాల్చిన నెయ్యి వాసన నిండిన పూట, పండగకైనా అందరితో కూర్చోమని జేజి బతిమాలి నాయనను లోపలికి తెచ్చింది. స్టీలు పళ్లాలు పరిచారు. అమ్మ చేతిలోంచి గరిటె జారి బేసినులో పడింది. నాయన రెండు చెవులూ మూసుకుని గోడకు అతుక్కుపోయాడు.

"ఏమాయరా!" అని జేజి అరిచింది.

"అరవొద్దమ్మా, నీకు దండం పెడతా. చెవుడు గాదు, శానా ఎక్కువ వినపడతాండాది. గిన్నె మోగితే చెవిలో సూది దిగినట్టుండాది. మిషన్ల కాడ నిలబడేటోడు గరిటె సప్పుడుకు ఓర్చలేడంటే నవ్వుతారని జెప్పలే."

ఇంటికి రాగానే ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటాడని అప్పుడే మాకు తెలిసింది. జేజి పళ్లాల మధ్య గుడ్డ పెట్టి ఒక్కొక్కటే తీసేసి, అటక మీది విస్తరాకులు దించి, కొడుకు ఆకులో ఓళిగ వేసి "తిను నాయనా" అంది, మాకు కూడా వినపడనంత మెల్లగా. నాయన మా పక్కన కూర్చుని కడుపునిండా తిన్నాడు. అంత సంతోషమైన పండగ నాకు మళ్లీ రాలేదు.

ఆనాటి నుంచి మా ఇంట్లో రోజూ ఆకుల్లోనే భోజనం. నా కాలి పట్టీల మువ్వలు తీయించారు. గుసగుసలాడే జేజిని చూసి, ముసలామెకు జబ్బు చేసిందేమోనని చుట్టాలు పండ్లు పట్టుకుని చూడొచ్చారు.

ఇప్పుడు నాయనా లేడు, జేజీ లేదు. ఆ పెరట్లో ఎవరివో బండలు పేర్చి ఉన్నాయట. ఇక్కడ మా ఇంట్లో మిక్సీ, కుక్కరు, టీవీ ఒకదాన్ని మించి ఒకటి అరుస్తుంటాయి. మొన్న మధ్యాహ్నం భోజనాలకు స్టీలు పళ్లెం అంచు కింద వేళ్లు ఉంచి, చప్పుడు కాకుండా నేలకు దించుతుంటే మా అమ్మాయి నవ్వింది.

"ఎవరన్నా నిద్రపోతాండారామ్మా?"

ఎవరూ లేరు. ఆ చప్పుడుకు నొచ్చుకునే మనిషే లేడు.