ఉండన్నా, వస్తా ఉండా

అక్క పోయిందన్న కబురు సోమవారం పొద్దున నేను కౌంటర్‌లో ఉండగా వచ్చింది. వాళ్ళబ్బాయి ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. నేను మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని "పడవ నంబరెంత?" అని అడుగుతూనే ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

జువ్వలదిన్నె రేవు నుంచి వేటకు వెళ్ళే పడవల్లో ఎవరెవరు ఉన్నారో మేం కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. ఆ ఫారం తయారుచేసింది అక్కా, నేనూ. సొంత అక్క కాదు, ఆఫీసులో నాకు పని నేర్పిన మనిషి ఆమె. పడవ నంబరు ఎంచుకుంటే ఆ పడవవాళ్ళ పేర్లు డేటాబేస్ నుంచి కింది పెట్టెలోకి వాటంతటవే వస్తాయి. మీకు చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మా ప్రాణాలు తోడేసింది.

పరీక్షించడానికి అక్క ఆఫీసులో కూర్చునేది కాదు. సిగ్నల్ సరిగ్గా అందని చోటు వెతుక్కుని, పడవల పక్కన ఎండలో నిలబడేది. టీ ఇస్తే "పేర్లు వచ్చినాక తాగుతాలే" అనేది. ఎప్పుడూ చల్లారిన టీయే తాగింది.

ఒక తప్పు జరిగింది, అది నాదే. పడవ నంబరు మార్చినా, కొత్త పేర్లు వచ్చేదాకా పాత పడవ పేర్లే పెట్టెలో కనిపించేలా రాశాను. ఒకరోజు తొందరలో ఆ పాత పేర్లనే ఎక్కించేశాను. సాయంత్రం గాలి లేచింది, ఆ పడవ తిరిగి రాలేదు. ఆ పేర్లు చూసి ఆఫీసు నుంచి చేసిన ఫోన్ వేరే వాళ్ళింటికి వెళ్ళింది. బజారుకు వెళ్ళిన కొడుకు కోసం ఒక తల్లి గుండెలు బాదుకుంటూ ఒడ్డుకు పరుగెత్తింది. తెల్లారి పడవ క్షేమంగానే వచ్చింది.

అక్క నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. "ఇతనికి పని నేర్పింది నేనేమ్మా. తప్పు నాది" అంది.

"ఒక పూట నా బిడ్డను చంపేసినారు గదమ్మా" అందా తల్లి.

తిరిగొచ్చాక అక్క నన్ను ఒక్క మాట అనలేదు. "ఖాళీగా ఉన్నా ఫర్వాలేదబ్బయా, అబద్ధం ఉండకూడదు" అని, నంబరు మార్చగానే పెట్టె ఖాళీ అయ్యేలా చేసింది. ఆ ఖాళీలో ఒక మాట రాసింది: "ఉండన్నా, వస్తా ఉండా."

"ఇది ఆఫీసు ఫారమా, అత్తగారిల్లా అక్కా?" అన్నాను.

"నిలబడినోళ్ళకి జవాబు చెప్పాల గదా" అంది నవ్వుతూ.

ఇన్నేళ్ళూ ఆ ఎదురుచూపును తగ్గించడానికే తంటాలు పడ్డాను. అక్క రాసిన ఆ మాట బదులు "దయచేసి వేచి ఉండండి" అని పెట్టమని పోయిన వారమే పైనుంచి కాగితం వచ్చింది. ఈ సోమవారమే మార్చేద్దామనుకున్నాను.

"ఏందబ్బయా, పేర్లు రాలా?" అన్నాడు ఎదురుగా ఉన్న ముసలాయన. ఆయన అక్కను బాగా ఎరిగినవాడు. ఆమె పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.

ఆయన కూడబలుక్కుని చదివాడు. "ఉండన్నా, వస్తా ఉండా."

"సరేలేమ్మా, నిదానంగానే రా" అని ఐసు పెట్టె మీద కూర్చున్నాడు.

పేర్లు రావడానికి చాలాసేపు పట్టింది. నేను మళ్ళీ నంబరు నొక్కలేదు.