మొదట పడేది మాస్టారే

మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే జానకిరామ్ మాస్టారికి ఒక్కటే జబ్బు. పిల్లలు ఏం తయారుచేసినా దాన్ని మొదట తనమీదే ప్రయోగించుకోవాలి. కుర్చీ చేస్తే కూర్చోవాలి, పొయ్యి చేస్తే వండుకు తినాలి. మనిషి చూస్తే నిండు ధాన్యం బస్తా. చేసేవాళ్లు ఏడో తరగతి పిల్లలు. ఇక ఫలితం మీరే ఊహించుకోండి.

గణేష్‌బాబు వెదురు కుర్చీ చేశాడు. మాస్టారు కూర్చున్నారు. మరుక్షణం కుర్చీ లేదు. మాస్టారు మాత్రం కూర్చునే ఉన్నారు, నేలమీద.

"ఏ కాలు ముందు విరిగిందిరా?"

"చూళ్లేదండి. భయమేసి కళ్లు మూసేసుకున్నానండి."

"అయితే ఇంకోటి చెయ్యి. ఈసారి కళ్లు తెరుచుకో, మళ్లీ పడతాను."

సుప్రియ అట్టపెట్టెకి వెండికాగితం అంటించి ఎండపొయ్యి చేసింది. పూటంతా అందులో పెట్టిన గుడ్డుని మాస్టారు పగలగొడితే, సొన సొనలాగే చొక్కామీదికి జారింది. "వెచ్చగానే ఉందమ్మా, సగం గెలిచేశాం!" అని ఆయన గంతేశారు. బళ్లో ఏ పాఠం నడుస్తోందో ఆయన భార్య బంగారమ్మగారు చొక్కా మరక చూసి చెప్పేసేవారు.

నేనేదో పొద్దుపోక చెబుతున్నవాణ్ణి కాను. ఇదే బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివి, కడియంలో ఇరవై ఎకరాల నర్సరీ నిలబెట్టి, రెండుసార్లు నీటి సంఘం అధ్యక్షుణ్ణయి, కోరుకొండ గుడి మెట్లు ఒక్క ఊపున ఎక్కినవాణ్ణి. అలాంటి నన్ను ఈ మాస్టారు బెంబేలెత్తించారు.

ఎందుకంటే మా మనవరాలు హారతి. పోయినేడు బోర్డు మీద లెక్క తప్పితే క్లాసంతా నవ్విందట. అప్పట్నుంచి చెయ్యెత్తడం మానేసింది, గొంతెత్తడం మానేసింది. ఆ పిల్లకి మాస్టారు, బడికీ కూరల మడికీ మధ్య పొలాలకి నీళ్లు పారే బోదె మీద వెదురు వంతెన కట్టే పని అప్పగించారు. అది గానీ కూలిందా, పిల్ల ఇక బడి మొహం చూడదని మా కోడలి బెంగ.

మాస్టారు వంతెన ఎక్కే రోజు గట్టు నిండా జనం.

"గట్టిదేనా మాస్టారూ?" అన్నాను.

"తెలీదండి. అందుకేగా ఎక్కుతున్నాను!"

మధ్యదాకా వెళ్లారు. కిర్రుమంది. దభేలుమంది. గట్టంతా ఒకటే నవ్వు.

"కొర్రమేను దొరికిందాండీ మాస్టారూ?" అని గట్టుమీంచి అరిచాడు మా పక్కింటి వీరాస్వామి.

"లేదండి, ఉన్న చెప్పు పోయింది!"

నేను బితుకుబితుకుమంటూ హారతి వైపు చూశాను. పిల్ల ఏడవడంలేదు. గట్టు చివరికొచ్చి, "మాస్టారండీ, కదలకండి! ఎడం పక్క కట్టు జారింది, నన్ను చూడనివ్వండి!" అని కేక పెట్టింది. ఏడాదిగా ఆ గొంతు అంత పెద్దగా వినలేదు నేను.

"పైకి రావచ్చామ్మా?" అన్నారాయన, నడుంలోతు బురదలోంచి.

"అప్పుడే కాదండి!"

తర్వాత తువ్వాలిస్తూ నిలదీశాను. "కూలుతుందని మీకు ముందే తెలుసా?"

"నిన్న సాయంత్రమే తెలిసిందండి."

"మరి చెప్పొచ్చుగా!"

"నేను చెబితే ఆ కట్టు లోపం నాకే తెలిసినట్టండి. ఇప్పుడు ఆవిడకి తెలిసింది."

"పోనీ మీరెందుకు పడ్డం? ఇటుకలు పేర్చి చూడొచ్చుగా?"

మాస్టారు చెవిలో నీళ్లు దులుపుకున్నారు. "ఇటుకలు పడితే జనం పిల్ల వైపు చూస్తారు చంద్రరావుగారూ. నేను పడితే నా వైపు చూస్తారు."

వారం తిరిగేసరికి రెండో వంతెన లేచింది. మాస్టారు ప్యాంటు మడుస్తుంటే అడ్డం వెళ్లి, "ఆగండి, ఈ ఊళ్లో ఏదైనా మొదట చేసేది నేను" అని పంచె ఎగ్గట్టాను.

నీళ్లు చల్లగా ఉన్నాయి. గట్టంతా నన్నే చూసి పగలబడి నవ్వుతోంది, అందరికంటే గట్టిగా మాస్టారు.

"తాతయ్యా, కదలకు! ఈసారి కుడి పక్క!" అంది హారతి.

నేను కదల్లేదు. నర్సరీ, నీటి సంఘం, కోరుకొండ మెట్లు, వాటి సరసన ఇప్పుడు బోదె కూడా చేరింది. పడ్డంలో మాస్టారు నాకంటే చాలా ముందున్నారు, ఒప్పుకుంటాను. కానీ మూడో వంతెన మొదట ఎక్కేది కూడా నేనేనని గట్టుమీదే చెప్పి ఉంచాను.