గరాజ్‌లో అమాత్రిచానా

ఈ సాయంత్రం అమాత్రిచానా వండాను. ఉప్పులో ఊరబెట్టిన పంది దవడ మాంసాన్ని వేయించి, ఆ కొవ్వులోనే టొమాటో ఉడికించి పాస్తాలో కలిపే ఇటాలియన్ వంట. మా ఫ్రిస్కో ఊరి తెలుగువాళ్ల పిక్నిక్‌లో పంది మాంసం ఎందుకు పెట్టరు, తిండికి మడేమిటి అని పోయిన నెలే అందరితో పోట్లాడాను. హైస్కూల్లో చదివే మా అమ్మాయి వచ్చి చూసింది.

“నాన్నా, గరాజ్‌లో ఎందుకు కుక్ చేస్తున్నావ్?”

“ఇల్లంతా వాసన వస్తుందమ్మా.”

“చికెన్ లోపలే చేస్తాం కదా. దానికి స్మెల్ లేదా?”

“అది వేరు.”

“ఎలా వేరు?”

ఈ విడి స్టవ్, విడి మూకుడు ఎవరూ అడగకుండా నేనే కొన్నాను. అయితే మడి కట్టుకున్నది నేనేనా? నిజంగా తెలియడం లేదు. వాదనకు వచ్చేవాళ్లు రండి, ముందు మీరెక్కడ వండుతారో చెప్పండి.