పుంగనూరులో దిగిపోయిన సంపాదకుడు

మదనపల్లెలో బస్సెక్కిన ఒక పెద్దమనిషి తన కాగితాల మూటను సగం తన ఒళ్లో, సగం నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. హార్స్లీ హిల్స్ కన్నా అది వీసమెత్తు తేలిక.

"ఏం సరుకప్పా ఇది?" అన్నాను.

"నేను నడిపిన పత్రికప్పా. మన పక్క ఆర్కెస్ట్రాలు, నాటకాలు, పాటలు, అన్నీ అందులో అచ్చేసేవాణ్ణి. ఎవురూ కొనక మూసేస్తి. మిగిలినవి కుప్పంలో మా బామ్మర్ది శనక్కాయల అంగట్లో పొట్లాలకి ఇచ్చేస్తాండా."

పత్రిక పేరు చూసి ఎగిరిపడ్డాను. బస్సు కప్పుకు సొట్ట పడింది.

"ఇదా! పుంగనూరులో మా వీధి సెలూనుకి వచ్చేది గదప్పా! ఒకడు సూసి పాట ఎత్తుకుంటే వీధంతా అందుకునేది. పాట అయ్యేదాకా సెలూనాయన కత్తి ముట్టడు. నేను సగం గడ్డంతోనే పెళ్లిచూపులకి పోయినా!"

"వీధంతటికీ ఒక్క కాపీనా? నన్ను ముంచింది మీరేనా!" అంటూ ఆయన కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాడు. మూటను దగ్గరికి లాక్కుని, "ఇంకా పాడతాండారా?" అని మెల్లిగా అడిగాడు.

"చిరిగిన పేజీలకి బంక పెట్టి మరీ పాడతాండారు."

పుంగనూరు బస్టాండులో ఆయన మూట నెత్తికెత్తుకుని దిగిపోయాడు.

"కుప్పానికి గదప్పా టికెట్టు తీసుకునింది? ఈడ దిగతాండావేంది?" అని కండక్టర్ అరిచాడు.

"నా పాఠకులు ఈడుండారంటప్పా!" అని ఆయన వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.