పౌడరు రాసిన పాదాలు

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ముక్కు పిన్ని. పక్కింట్లో పాలు విరిగితే వాళ్ళకన్నా ముందు ఆమెకే తెలిసేది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి, లాండ్రీలో మాసిన బట్టల మూటలు విప్పడం. ఏ దుప్పటి ఏ తొట్టిలోకి వెళ్ళాలో మరకను చూసి తేల్చి విసిరేది. ప్రతి మూటకీ ఒక "ఛీ" ఉండేది.

"దేవుడికి నా మీద ఏం కక్షో, ఇంత ముక్కిచ్చాడు" అనేది.

భర్త పోయాక ఇంట్లో ఆమెకు మిగిలింది మరిది ఒక్కడే. తాగుడు, పైన చక్కెర జబ్బు. మడమ మీద పుండు పడి ఎంతకీ మానలేదు. రోజూ కడిగి కట్టు మార్చకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. కాలు మరిదిది, కర్మ పిన్నిది.

పొద్దున్నే పనికి వెళ్ళేముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునేది. కట్టు విప్పగానే "ఛీ" అని ముఖం చిట్లించేది. ఒళ్ళంతా జలదరించేది.

"మెల్లిగా వదినా. అది కాలు, లాండ్రీ దుప్పటి కాదు."

"దుప్పటైతే ఉతికి ఆరేసి నా దారిన నేను పోయేదాన్ని. నోరుమూసుకుని కాలు చాపు."

"ఎందుకా చిట్లింపు? నేను చస్తే నీకు పీడా పోతుంది."

"చస్తే ఇంకా కంపు కొడతావు. కదలకు."

చర్చి సంఘంవాళ్ళు ప్రార్థనకని వచ్చి గడప దగ్గరే ఆగిపోయేవారు. రుమాళ్ళలోంచే ప్రేమ గురించి నాలుగు ముక్కలు చదివి, టీ పెడతానన్నా వినకుండా జారుకునేవారు. పుండును చూస్తే కలిగే రోత ఒక రకం, ఆ రుమాళ్ళను చూస్తే కలిగేది ఇంకో రకం.

ఒకరోజు ఆమె పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. దిక్కులేనివాళ్ళ కోసం సంఘం ఒక ఆశ్రమం నడిపేది.

"అయ్యగారూ, మా మరిదిని ఆశ్రమంలో చేర్చుకోండి. నావల్ల కాదు. ఆ కాలు పట్టుకుంటే అసహ్యం తప్ప నాకింకేం పుట్టడం లేదు."

"ప్రేమ ఉన్నచోట వాసన తెలియదమ్మా. ప్రార్థన చెయ్యి."

"చేశానండీ. ఇంకా బాగా తెలుస్తోంది."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "సరే. ఆదివారం పాదాలు కడిగే ఆరాధన ఉంది కదా. అది కానిచ్చి సోమవారం పంపించు."

పిన్ని తలూపి వచ్చేసింది. వాసన తెలుస్తోంది కాబట్టి తనలో ప్రేమ లేదు. లేని ప్రేమను ఎక్కడినుంచి తెస్తుంది?

ఆ ఆరాధనలో ఒకరి పాదాలు ఒకరు కడగాలి. ప్రభువు శిష్యులకు చేశాడు కనుక. అయితే ఆ సంఘంలో ఎవరూ మురికి కాళ్ళతో వచ్చేవారు కాదు. ఇళ్ళలోనే సబ్బుతో రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, పౌడరు రాసుకుని మరీ వచ్చేవారు. కడగడానికి అక్కడ ఏమీ మిగిలేది కాదు. మందిరమంతా గుప్పుమంటున్న ఆ పౌడరు వాసన పడక పిన్ని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం లాండ్రీనుంచి నేరుగా వచ్చింది. ఆదివారమైనా మూటలు ఆగవు కదా.

మరిది కూడా వచ్చి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. అతని కాళ్ళు కడగాల్సిన సంఘపెద్ద వేళ్ళ చివర్లు నీళ్ళలో ముంచి, కట్టు మీద దూరంనుంచే చిలకరించి, ఆ వేళ్ళను తుండుకు తుడిచాడు, తుడిచాడు, తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత కడిగే వంతు మరిదిది. అతను పళ్ళెం అందుకోగానే పక్కనున్నాయన కాళ్ళు బల్లకిందికి లాక్కున్నాడు.

"పర్లేదు బాబాయ్, నేను కడుక్కునే వచ్చాను."

మరిది లేచాడు. పళ్ళెంతో కుంటుకుంటూ ఆడవాళ్ళ వైపు వచ్చి వదిన ముందు చతికిలబడ్డాడు.

"సిగ్గులేదూ? అందరూ చూస్తున్నారు. వెళ్ళి కూర్చో."

"నోరుమూసుకుని కాలు చాపు."

పిన్నికి తలకొట్టేసినట్టయింది. లాండ్రీ మందునీళ్ళకు పగిలి, పగుళ్ళలో నల్లటి మడ్డి పేరుకున్న పాదాలు. ఆమె వాటిని ఎవరికీ చూపించేది కాదు. అతని చేతులు చుట్టకంపు కొడుతున్నాయి. ముట్టుకోగానే ఆమె ఒళ్ళు ముడుచుకుపోయింది.

అతనూ ముక్కు చిట్లించాడు. "అబ్బా, ఏం కాళ్ళు వదినా ఇవి! కంపు."

"నాకు తెలీదా?"

అయినా వదల్లేదు. పగులు పగులులోకీ బొటనవేలు దూర్చి రుద్దాడు. పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. ఆ వేళ మందిరంలో నల్లబడిన పళ్ళెం అదొక్కటే. పిన్ని దానివంకే చూస్తూ ఉండిపోయింది.

బయటికి వచ్చాక పాస్టరుగారిని ఆపింది.

"అయ్యగారూ, వాసన తెలుస్తుందండీ. ప్రభువుకీ తెలిసే ఉంటుంది. ఆ శిష్యులు దుమ్ములో నడిచొచ్చినవాళ్ళు, పౌడరు రాసుకున్నవాళ్ళు కాదు. ఆయన తెలిసే కడిగాడు. రేపు మా మరిదిని పంపించడం లేదు."

సోమవారం పొద్దున ముక్కుకు గుడ్డ కట్టుకుని కట్టు విప్పింది. "ఛీ!" అంది, ఎప్పటిలాగే.

ఆ "ఛీ" ఆమె బతికినన్నాళ్ళూ తప్పలేదు. పుండు పూర్తిగా మానలేదు, కాలు పోలేదు. చివరికి ఆమెను శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు సంఘం ఆడవాళ్ళు ఆమె ముఖానికి రాద్దామని పౌడరు డబ్బా తీశారు. కుంటుకుంటూ వచ్చిన మరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. ఆ వాసన ఆమెకు పడదు."