మూఢంలో నేర్చుకున్న క్లారినెట్

కొత్త పంచాంగం చేతికి రాగానే అందరూ ముహూర్తాలు వెతుకుతారు. నేను మూఢం ఎప్పుడా అని చూస్తాను. ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నా సరే, ఈసారి మూఢం ఎక్కువ రోజులుందంటే నాకు లోలోపల సంబరం. పైకి అంటే చీవాట్లు తప్పవు కాబట్టి నోరు మూసుకుంటాను.

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో మేం కిరాయికుండే ఇంటి కింద పెళ్లి బ్యాండు దుకాణం ఉండేది. పెళ్లిళ్ల రోజుల్లో అక్కడ మనిషి కనబడితే ఒట్టు. ఆషాఢం వచ్చినా, మూఢం పడినా వాళ్లకు పని ఉండదు. అప్పుడు క్లారినెట్ ఊదే మాస్టర్ ఖాళీగా కూర్చోలేక సందులో పిల్లలందర్నీ పిలిచేవాడు.

"ఊకె కూసుంటే ఊదుడే మర్చిపోత. రాన్రి, నేర్పిస్త," అనేవాడు.

వచ్చినవాళ్లలో సగం మంది రెండో రోజే పరారు. క్లారినెట్ అంటే మాటలా! కింది పెదవిని పళ్ల మీదికి మడిచి ఊదితే మొదట వచ్చేది బాతు అరుపే. నా వేళ్లు చిన్నవి, రంధ్రాలు నిండా మూసేవి కావు, పక్కలనుంచి గాలి పోయేది. కానీ నేను మొండిదాన్ని. ఒక మధ్యాహ్నం సరిగమలు ఒక్క గుక్కలో, బాతు లేకుండా వచ్చేశాయి. అబ్బ! ఆ నాదం పళ్లలోంచి తలంతా పాకింది. ఆ సంతోషం ఇన్నేళ్లలో నాకు మరెందులోనూ దొరకలేదు.

శ్రావణం వచ్చిందంటే మాస్టర్ వెంట క్లారినెట్ కూడా పెళ్లిళ్లకు పోయేది. మళ్లీ మూఢం ఎప్పుడొస్తుందని నేను అడిగితే అమ్మ నెత్తి కొట్టుకునేది.

"అందరు లగ్గాలు గావాలని మొక్కుతరు, నువ్వేందే మూఢం గావాలంటవ్? నీ నోట్ల మన్నువడ!"

అన్నీ నేర్పిన మాస్టర్ ఒక్కటి మాత్రం నేర్పలేదు. పెళ్లికూతుర్ని కారెక్కించేటప్పుడు ఊదే అప్పగింతల పాట. ఆయన ఉస్తాద్ కట్టిన బాణీ అది, ఇంకే బ్యాండులోనూ ఉండేది కాదు. ఎప్పుడైనా మా సందు చివర పెళ్లయితే ముక్కలు ముక్కలుగా వినబడేది. పూర్తిగా రావాలని నా ప్రాణం కొట్టుకునేది.

"లగ్గం లేని దినాల అది ఊదద్దు బిడ్డా. ఉస్తాద్ ఒట్టు వెట్టించుకున్నడు," అన్నాడు మాస్టర్.

"మరి ఎట్ల నేర్చుకోవాలె?"

"లగ్గంల నిలవడి వినాలె. నేను గూడ గట్లనే నేర్చుకున్న."

ఆడపిల్లను బ్యాండు వెంట ఎవరు పంపుతారు? నాన్ననడిగితే కళ్లెర్రజేశాడు. దాంతో ఆ ఆశ అలాగే ఉండిపోయింది.

చివరికి నా పెళ్లి కుదిరింది. ఆబిడ్స్‌లో హాలు, మాస్టర్ బ్యాండే. అప్పగింతలప్పుడు అమ్మ నా మెడ పట్టుకుని బోరుమంటోంది. నేనేమో చెవులు రిక్కించి ఆ పాట వింటున్నాను. కారులో కూర్చున్నాక కిటికీ అంచు మీద నా వేళ్లు స్వరాలు వెతకడం మాస్టర్ చూశాడు. ఊదుతున్నవాడు ఆపేశాడు. డోలు వాళ్లను కూడా చేత్తో ఆపి, కారు పక్కకొచ్చి మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఒక్కో వరుసా నిదానంగా, నా వేళ్లనే చూస్తూ. నేను తప్పితే మళ్లీ అదే వరుస.

"దుర్ముహూర్తం వస్తున్నది, నడువున్రి!" అని మామగారు కేకలు.

"జర ఆగున్రి, అయిపోనీయున్రి," అన్నాను.

కొత్త కోడలిగా నేనన్న మొదటి మాట అది. పుట్టింటిని వదల్లేకపోతోంది పాపం అని అందరూ కళ్లొత్తుకున్నారు. ఆఖరి వరుస ఎత్తుకుంటుండగా కారు కదిలింది. వెనక్కి తిరిగితే ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నాడు. హారన్ల మోతలో ఏమీ వినబడలేదు. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి.

ఆషాఢానికి పుట్టింటికి పంపారు. పరుగున కిందికి దిగాను. మాస్టర్ నన్ను చూసి మురిసిపోయాడు, క్లారినెట్ చేతికిచ్చాడు, ఆఖరి వరుస మాత్రం ఊదలేదు.

"ఒట్టు గద బిడ్డా. లగ్గాల దినాలల్ల రా," అన్నాడు.

లగ్గాల దినాల్లో నేను అత్తింట్లో ఉండేదాన్ని. మరుసటి ఏడు వెళ్లేసరికి మాస్టర్ పోయాడు. ఆ ఆఖరి వరుస ఆయన బ్యాండులో ఇంకెవరికీ రాదు.

చాలా ఏళ్లు వేళ్లు ఊరికే కదిలేవి, అప్పడాల కర్ర మీద, బస్సు కడ్డీ మీద. ఈ మధ్యే ఆబిడ్స్‌లో నాకంటూ ఒక క్లారినెట్ కొనుక్కున్నాను. ఊపిరి కాస్త పొట్టిదైంది గానీ ఆ సంతోషం అదే. మిగతావన్నీ ఎప్పుడంటే అప్పుడు ఊదుతాను. అప్పగింతల పాట ముహూర్తం ఉన్ననాడే ఊది, ఆఖరి వరుస దగ్గర ఆపేస్తాను. అక్కడ ఏదో ఒకటి కట్టి ఊదడం నాకు చేతకాక కాదు. నాకు ఆయనదే కావాలి.