ఒంటి తుమ్ము

ఆ రోజు నేను తుమ్మింది దొంగ తుమ్ము. ఈ మాట ఇప్పటిదాకా డైరీలో కూడా రాయలేదు.

మార్కాపురంలో మాది ఎండుమిరపకాయల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. చిన్నప్పటి నుంచి పొద్దున లేస్తే చాలు, వరసగా తుమ్ములు, ముక్కులో నీళ్లు, కళ్ల దురద. మిరపఘాటు అనుకున్నారందరూ. ఘాటుకు ఎవరైనా తుమ్ముతారు. దుకాణం మూసిన రోజు కూడా తుమ్మేది నేనొక్కదాన్నే.

మా ఇంట్లో ఎవరైనా గడప దాటేటప్పుడు తుమ్ము వినపడకూడదు. నాయన సరుకు కోసం కనిగిరి బయలుదేరినా, పెద్దవాళ్లు పెళ్లిమాటలకు లేచినా, అమ్మ ముందు నన్ను వెతికేది.

"నువ్వు లోపలికి పోమ్మా. వాళ్లు పోయినాక వద్దువు."

లోపల అంటే వెనక గది. తలుపేసుకుని, పాత పరుపుల మీద కూర్చుని ఏదో పుస్తకం చదువుకునేదాన్ని. ఆటో చప్పుడు దూరమయ్యాక బయటికి వచ్చేదాన్ని. నేను ఎవరినీ సాగనంపిన గుర్తు లేదు. అక్క పెళ్లై గిద్దలూరు వెళ్లినప్పుడు కూడా అంతే.

నా తరఫున మాట్లాడే మనిషి అక్క ఒక్కతే. ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందీ తనే, అంతా చెప్పిందీ తనే.

డాక్టరు నవ్వాడు. "నీకొక్కదానికే అనుకుంటున్నావా తల్లీ? బయట బెంచీ మీద ఉన్నవాళ్లలో చాలామందిది ఇదే."

అలర్జీ అట. ఒకరికి పుప్పొడి పడదు, ఒకరికి పిల్లి బొచ్చు, ఒకరికి చెమ్మ గోడల బూజు. అగరొత్తి పొగ, చలిగాలి దాన్ని ఇంకా రేపుతాయి. ఎప్పుడు ఎక్కడ తుమ్ముతున్నానో రాసుకురమ్మన్నాడు. నెల రోజులు డైరీలో రాశాను. అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసింది వెనక గది. పాత దూది పరుపుల్లో కంటికి ఆనని దుమ్ముపురుగులుంటాయని, నాకు పడనివి అవేనని చెప్పాడు. తుమ్మకూడదని ఇన్నేళ్లు నన్ను పెట్టింది తుమ్ములు పుట్టే గదిలోనే.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "పరుపుల్లో పురుగులేంది? మీ తాత పండుకున్న పరుపులవి!"

తర్వాత బావకు పుణెలో ఉద్యోగం వచ్చింది. ఆయన ముందే వెళ్లాడు. అక్క వారం రోజులు మా ఇంట్లో ఉండి బయలుదేరింది. ఇల్లంతా చుట్టాలు. తనతో ఒంటరిగా నాలుగు మాటలు మాట్లాడాలని వారమంతా చూశాను, కుదరలేదు. ఈసారైనా తనకు పోయిరా అని చెప్పాలి. కానీ మామూలుగానే నన్ను వెనక గదిలోకి పంపారు. డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకున్నాను కదా, తుమ్ము రాలేదు. అక్క చెప్పులేసుకుంటున్న చప్పుడు వినపడింది.

గట్టిగా తుమ్మాను.

"ఆగండి! ఒంటి తుమ్ము. రెండైతే మంచిదే గాని, ఒకటైతే పోగూడదు," నాయనమ్మ అరిచింది. "కూసో, కాసిన్ని నీళ్లు తాగు."

"రైలుకు టైమైతాందమ్మా," అన్నాడు నాయన.

"రైలు పోతే ఇంకోటి వస్తాది!"

తలుపు తీసుకుని, నీళ్ల గ్లాసుతో అక్క లోపలికి వచ్చింది. నా పక్కన పరుపు మీద కూర్చుంది. తను సగం తాగి మిగతాది నాకిచ్చింది. నా ముక్కు వంక చూసింది. అది ఎర్రబడలేదు. కింద ఆటో హారన్ కొట్టింది.

ఇప్పుడు పుణె నుంచి ఫోనొస్తే అమ్మే మాట్లాడుతుంది. "అది బాగుందిలే" అని నా సంగతి కూడా తనే చెప్పేస్తుంది. అక్క నాతో అన్న చివరి మాట ఆ పరుపు మీద, నా చెవి దగ్గరికి వంగి అన్నదే.

"ఇంకొకటి తుమ్మవే, బంగారూ. లేకుంటే నాయనమ్మ నన్ను పోనీదు."